అధికారం ఎంతో మాట అంత

జోగులాంబ గద్వాల జిల్లా ధరూర్ మండలంలో భూమి ఒకచోట, దాని యజమాని మరోచోట ఉండడం ఇప్పుడు మామూలు సంగతి. చేను గుడ్డెందొడ్డి పక్కన ఉంటుంది. పట్టాదారు డాలస్‌లోనో దుబాయ్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు. 1995లో రేవులపల్లి దగ్గర జూరాల ప్రాజెక్టు పనిలోకి వచ్చింది. తర్వాత నెట్టెంపాడు ఎత్తిపోతల వచ్చింది, సీడుపత్తి పెరిగింది. వలస పోతూ బీడు వదిలేసిన మెట్ట చేలను కూడా ఇప్పుడు అడిగేవాళ్లున్నారు. కౌలుకివ్వాలన్నా, బ్యాంకులో కుదువ పెట్టాలన్నా, అమ్మాలన్నా యజమాని మనిషిగా వచ్చి నిలబడాలి. రాలేనప్పుడు ఆయన బదులు ఒక కాగితం నిలబడుతుంది. పాతవాళ్లు దాన్ని ముఖ్తార్‌నామా అన్నారు. ఇప్పుడు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అంటున్నాం, ఒకే పనికైతే ఎస్పీఏ (స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ) అంటున్నాం.

పరాయి దేశంలో సంతకం చేసే ఆ కాగితం ఎక్కువగా ఇంగ్లీషులోనే తయారవుతుంది. అది చెప్పే భూమి చరిత్ర మాత్రం సగం ఉర్దూలో, సగం తెలుగులో ఉంటుంది. నడుమ ఎవరో ఒకరు కూర్చుని ఆ మాటలను ఇంగ్లీషులోకి తేవాలి. ఆ ఒకరు లా చదువుతున్న విద్యార్థి కావచ్చు, దస్తావేజు లేఖరి దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు కావచ్చు, ఉర్దూ వచ్చిన రిటైర్డు టీచరు కావచ్చు, ఇంట్లో ఇంగ్లీషు చదివిన కోడలు కావచ్చు. ఈ అధ్యాయం వారి కోసం రాస్తున్నాను. ఇది బతుకుతెరువు కాగల విద్య. దానితోపాటు ఒక నిగ్రహాన్ని కూడా అలవాటు చేసుకోవాలి. మూలంలో ఎంత అధికారం ఉందో, మీరు రాసే మాటలో అంతే ఉండాలి. గురిగింజంత ఎక్కువైనా ఒకరి భూమి పోతుంది, తక్కువైనా ఒకరి పని ఆగిపోతుంది.

మూడు జిల్లాలు చూసిన సర్వే నంబరు

మన ప్రాంతపు కాగితాలకు ఒక ప్రత్యేకత ఉంది. గద్వాల సంస్థానం నిజాం రాజ్యంలో భాగం. ఆ రాజ్యంలో 1884 నుంచి ఫార్సీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చాక సంస్థానాల పాలన పోయింది. అయినా 1956 దాకా గద్వాల, అలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లాలోనే ఉన్నాయి. రాష్ట్రాల పునర్విభజనతో ఆ రెండూ మహబూబ్‌నగర్ జిల్లాలోకి వచ్చాయి. 2016 అక్టోబరు 11 నుంచి ధరూర్ జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. అంటే కదలకుండా ఉన్న ఒకే చెలక కాగితాల మీద మూడు జిల్లాల్లో కనిపిస్తుంది.

కొత్త అనువాదకుడికి 1950 నాటి కాగితంలో 'జిల్లా రాయచూరు' అని కనబడగానే అది పొరపాటనిపిస్తుంది. సాయం చేస్తున్నాననుకుని 'జోగులాంబ గద్వాల జిల్లా' అని మార్చి రాస్తాడు. అలా ఎప్పుడూ చేయవద్దు. మూలంలో ఉన్నది ఉన్నట్టే రాయాలి. కింద అనువాదకుడి గమనికగా, ఈ తాలూకా 1956 వరకు రాయచూరు జిల్లాలో ఉండేదని, ఇప్పుడు ఫలానా జిల్లాలో ఉందని ఒక వాక్యం పెట్టాలి. ఆ గమనిక లేకపోతే డాలస్‌లో ఉన్న పట్టాదారు, కర్ణాటకలో తమకు ఇంకో పొలం ఉందేమోనని అనుకోవచ్చు. మీరు మార్చి రాస్తే కోర్టులో ఎదుటి వకీలు, మూలంలో లేని మాట అనువాదంలోకి ఎలా వచ్చిందని అడుగుతాడు. ఒక్కచోట అలా దొరికితే మిగతా పేజీలన్నిటినీ అనుమానిస్తారు.

తేదీలదీ ఇదే కథ. హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం అజుర్ నెలతో, అంటే మన అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. అందుకని ఒకే ఫస్లీ సంవత్సరం రెండు ఇంగ్లీషు సంవత్సరాల్లోకి వస్తుంది. 1356 ఫస్లీ దై నెల అంటే 1946 నవంబరు ప్రాంతం. అదే 1356 ఫస్లీ అర్దిబెహిష్త్ అంటే 1947 మార్చి ప్రాంతం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590 కలపాలి, జనవరి నుంచి మళ్లీ అజుర్ వచ్చేదాకా 591 కలపాలి. ఇప్పటి రెవెన్యూ ఫస్లీ జులై 1న మొదలవుతుంది, కాబట్టి ఇప్పటి లెక్కను పాత కాగితానికి పెట్టకూడదు. ఫస్లీ తేదీని ఉన్నది ఉన్నట్టు రాసి, దానికి సరిపోయే ఇంగ్లీషు తేదీని గమనికలో ఇవ్వడం మంచి పద్ధతి.

డబ్బు విషయంలోనూ జాగ్రత్త. 'హాలీ సిక్కా' అని ఉంటే ఒట్టి రూపాయలని రాయకూడదు. హాలీ అనేది నిజాం నాణెం, కల్దార్ అనేది బ్రిటిష్ ఇండియా నాణెం. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. క్రయం మొత్తం ఎంతో తేల్చాల్సి వచ్చినప్పుడు 'హాలీ' అన్న ఆ మాట పనికొస్తుంది.

మెక్సికో వాళ్లు గీసిన గీతలు

ఇక్కడ కాసేపు దూరదేశం పోవాలి. మెక్సికోలో గ్వాదలహారా అనే నగరం ఉంది. భారతీయ ఐటీ కంపెనీలు అక్కడ పనిచేస్తున్నాయి. మన జిల్లా నుంచి వెళ్లిన ఒక ఇంజినీరు అక్కడి నోటరీ దగ్గర కూర్చుని ధరూర్‌లోని పొలం కోసం తమ్ముడికి అధికారపత్రం రాయించుకుంటే, అది స్పానిష్‌లో వస్తుంది. స్పానిష్‌లో దాని పేరు 'పోదెర్'. ఇచ్చినవాడు పోదెర్‌దాంతె, పుచ్చుకున్నవాడు అపోదెరాదో. దాన్ని ఇంగ్లీషులోకి తేకుండా గద్వాలలో ఎవరూ చదవలేరు.

మెక్సికో ఫెడరల్ సివిల్ కోడ్ 2554వ అధికరణం సాధారణ అధికారాన్ని మూడు మెట్లుగా విడగొట్టింది. మొదటిది దావాలు నడపడానికీ బాకీలు వసూలు చేయడానికీ ఇచ్చేది. రెండోది ఆస్తిని చూసుకోవడానికి, నిర్వహించడానికి ఇచ్చేది. మూడోది యజమానిగా వ్యవహరించడానికి, అంటే అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ ఇచ్చేది. ఈ మూడిటికీ 'పోదెర్ హెనెరాల్', సాధారణ అధికారం అనే పేరే ముందు వస్తుంది. అనువాదకుడు తొందరలో మూడింటినీ 'జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ' అని రాసి ఊరుకుంటే ఏమవుతుంది? బాకీలు వసూలు చేసుకొమ్మని ఇచ్చిన కాగితం గద్వాలకు చేరేసరికి పొలం అమ్ముకొమ్మన్నట్టు కనబడుతుంది. ఇందులో వ్యాకరణం తప్పు ఎక్కడా ఉండదు. మధ్యలో ఉన్న గీత ఒక్కటే చెరిగిపోయింది.

స్పానిష్‌లో ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి. 'ఎస్క్రితూరా' అంటే దస్తావేజు. ఇంగ్లీషులో దగ్గరగా వినిపించే మాటకు మతగ్రంథమని అర్థం. 'మాందతారియో' అంటే అధికారం పుచ్చుకున్న ఏజెంటు. ఇంగ్లీషు చెవికి అది 'తప్పనిసరి' అన్నట్టు వినబడుతుంది. 'సుస్తితూసియోన్' అన్న మాట ఉందో లేదో వెతకాలి. ఉంటే ఏజెంటు తన బదులు మరొకరిని పెట్టుకోవచ్చు. మన కాంట్రాక్టు చట్టం 190వ సెక్షన్ ప్రకారం ఏజెంటు తాను స్వయంగా చేస్తానన్న పనిని మామూలుగా ఇంకొకరికి అప్పగించడానికి వీల్లేదు. కాబట్టి ఆ ఒక్క పదాన్ని వదిలేసినా, లేనిచోట చేర్చినా కుటుంబం పరిస్థితే మారిపోతుంది.

మన ఇళ్లలో ఇలాంటి గీతలు గీసే అలవాటు తక్కువ. అమెరికాలో ఉన్న అక్క, ధరూర్‌లో ఉన్న తమ్ముడు అనుకుందాం. 'నా వాటా సంగతి అంతా నువ్వే చూసుకో తమ్మీ' అంటుంది అక్క ఫోనులో. ఆ చూసుకోవడంలో కౌలుకివ్వడం ఉంది, సర్కారు పెట్టుబడి సాయం తెచ్చుకోవడం ఉంది, గట్టు తగాదా వస్తే సర్వే పెట్టించడం ఉంది. అమ్మడం ఉందా? అక్క మనసులో లేకపోవచ్చు. తమ్ముడి మనసులో ఉండవచ్చు. ఇద్దరూ మంచివాళ్లే కావచ్చు. ఇంగ్లీషులోకి తెచ్చేవాడు 'మేనేజ్ అండ్ డీల్ విత్' అని రాసేస్తే, ఇద్దరూ ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటూ కోర్టుకు పోతారు.

కోర్టులు ఇలాంటి పత్రాలను చాలా బిగించి చదువుతాయి. 2012లో చర్చ్ ఆఫ్ క్రైస్ట్ చారిటబుల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, ఏజెంటు అమ్మాలంటే అమ్మే అధికారం పత్రంలో స్పష్టంగా ఉండాలి. క్రయపత్రం రాసి ఇచ్చే అధికారం, దాన్ని రిజిస్ట్రారు ముందు దాఖలు చేసే అధికారం, రాసిచ్చినట్టు అక్కడ ఒప్పుకునే అధికారం, ఇవి మాటల్లో కనబడాలి. అందుకే మీరు అనువాదం మొదలుపెట్టకముందే మూలంలోని క్రియాపదాలన్నీ ఒక కాగితం మీద విడిగా రాసుకోండి. కౌలుకివ్వడం, కుదువపెట్టడం, అమ్మడం, డబ్బు పుచ్చుకోవడం, రిజిస్టరు చేయించడం, దావా వేయడం, రాజీపడడం, వేరేవారిని నియమించడం. ఏది ఉందో దాని పక్కన టిక్కు పెట్టండి. అనువాదం పూర్తయ్యాక ఇంగ్లీషు నుంచి ఇంకో పట్టిక తయారుచేయండి. రెండు పట్టికలూ ఒక్కలాగే ఉండాలి. 'సర్వాధికారములు' అనే మాట తగిలితే దాని చుట్టూ ఉన్న వాక్యం చూడండి. చాలా పత్రాల్లో 'పై పనుల నిమిత్తం' అనే మూడు మాటలు ముందో వెనకో ఉంటాయి. ఆ మూడూ ఇంగ్లీషులోకి తప్పకుండా రావాలి.

నిఘంటువులో దొరకని అర్థాలు

హెచ్. హెచ్. విల్సన్ 1855లో అచ్చువేసిన న్యాయ, రెవెన్యూ పదకోశం ఇప్పటికీ పనికొచ్చే గ్రంథం. సి. పి. బ్రౌన్ 1852లో తెచ్చిన జిల్లా నిఘంటువు కూడా అంతే. రెండింటినీ దగ్గర పెట్టుకోండి. వాటిమీదే ఆధారపడవద్దు. అవి కంపెనీ పాలనలోని ప్రాంతాలను దృష్టిలో పెట్టుకున్నవి. నిజాం చట్టాలు అదే మాటకు వేరే అర్థం ఇచ్చిన సందర్భాలున్నాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది 'షిక్మీదారు'. పాత పహాణీల్లో, కుటుంబ పత్రాల్లో ఇది కనబడుతుంది. నిఘంటువు చూస్తే కింది కౌలుదారు అన్నట్టు తోస్తుంది. 1317 ఫస్లీ నాటి హైదరాబాద్ భూమి శిస్తు చట్టం ప్రకారం షిక్మీదారు అంటే పట్టాదారు లాగే భూమిపై హక్కున్నవాడు, లేదా మొదటినుంచీ పట్టాదారుతో కలిసి భూమిని అనుభవిస్తున్నవాడు. పట్టాదారుకు కౌలు కట్టి సాగుచేసేవాడిని ఆ చట్టం 'ఆసామీ షిక్మీ' అంది. ముందున్న ఆ ఒక్క మాటతో హక్కుదారు కౌలుదారు అవుతాడు. షిక్మీదారును 'టెనెంట్' అని రాసిన అనువాదం ఒక తరం వారసత్వాన్ని గల్లంతు చేయగలదు. నా సలహా ఏమిటంటే, షిక్మీదారు అనే మాటను అలాగే ఇంగ్లీషు లిపిలో ఉంచి, చట్టం ఇచ్చిన అర్థాన్ని గమనికలో రాయండి.

'ఖబ్జా' ఇంకో రకం చిక్కు. ఇవాళ పత్రికల్లో కబ్జా అంటే ఆక్రమణ. చెరువు కబ్జా, పార్కు కబ్జా అని చదివి పెరిగినవాళ్లు పాత కాగితంలో 'ఖబ్జాదార్' చూసి ఆక్రమణదారుగా అనువదిస్తారు. ఆ కాగితంలో దాని అర్థం స్వాధీనంలో ఉన్నవాడు అనే. మంచీ చెడూ చెప్పదు, యాజమాన్యం కూడా చెప్పదు. 'పొజెషన్' అని రాసి ఆపేయాలి.

బైనామా అంటే క్రయపత్రం, ఇఖ్రార్‌నామా అంటే ఒప్పందం. ఒప్పందాన్ని క్రయంగా రాస్తే కొనని భూమి కొన్నట్టవుతుంది. సాదా బైనామా రిజిస్టరు కాని, తెల్లకాగితం మీది క్రయం. 'సింపుల్ సేల్ డీడ్' అంటే బయటివాళ్లకు అది రిజిస్టరైన మామూలు దస్తావేజులా అనిపిస్తుంది. 'రిజిస్టరు కానిది' అన్న మాట తప్పనిసరిగా ఉండాలి. రెహన్ అంటే తాకట్టు. భూమి కూడా తాకట్టు పట్టినవాడి చేతికి ఇచ్చారా లేదా చూసి రాయాలి. హిబా అంటే దానం, వసీయత్ అంటే వీలునామా. విరాసత్, ఫౌతీ అనేవి పట్టాదారు చనిపోయాక పేరు మార్చే సందర్భంలో వస్తాయి. వాటిని వీలునామాతో కలపకూడదు. వకాలత్‌నామా వకీలుకు కేసు నడపడానికి ఇచ్చేది. ముఖ్తార్‌నామా వేరు, అందులో ఆమ్ అంటే సాధారణం, ఖాస్ అంటే ప్రత్యేకం.

పట్టా, పహాణీ, ఖాస్రా, సేత్వార్ వంటి రికార్డు పేర్లను అనువదించవద్దు. అవి పదాలుగా కంటే పేర్లుగానే పనిచేస్తాయి. 1954-55 ఖాస్రా పహాణీని 'ఫీల్డ్ రిజిస్టర్' అని రాస్తే, ఆ పేరుతో నకలు అడిగిన మనిషికి తహసీల్ ఆఫీసులో ఏమీ దొరకదు. పట్టాను 'టైటిల్ డీడ్' అనడం నాకు అసలు నచ్చదు. పట్టా రెవెన్యూ రికార్డులోని హక్కు నమోదు. దస్తావేజు వేరు.

విస్తీర్ణం దగ్గర ప్రతి అంకెనూ రెండుసార్లు చూడండి. మన దగ్గర 2 ఎకరాల 15 గుంటలను 2.15 అని రాయడం అలవాటు. డాలస్‌లో చదివేవారు దాన్ని దశాంశంగా తీసుకుంటారు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి నిజానికి అది 2.375 ఎకరాలు. తేడా 9 గుంటలు. గుంటకు 121 చదరపు గజాలు, అంటే 1,089 గజాల భూమి ఒక చుక్క వల్ల తగ్గిపోయింది. ఎకరాలు, గుంటలు అని అక్షరాల్లో విడివిడిగా రాయండి.

పేర్లలో 'వల్ద్' అంటే కొడుకు, 'జౌజే' అంటే భార్య, 'మర్హూమ్' అంటే కాలం చేసినవారు. పహాణీలో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా పేరు ఉంటే మీరు సరిచేయకండి. రెండు పేర్లూ ఒకే మనిషివి అని తేల్చే పని అఫిడవిట్‌ది.

చదివేది మీరొక్కరే

స్పెయిన్‌లోనూ మెక్సికోలోనూ నోటరీ అంటే లా చదివి, పరీక్ష దాటి, ప్రభుత్వ నియామకం పొందినవాడు. పత్రం తనే తయారుచేస్తాడు, ఇచ్చేవాడికి చదివి వినిపిస్తాడు, అసలు ప్రతిని తన దగ్గరే భద్రపరుస్తాడు. అమెరికాలో నోటరీ పని సంతకం చేసింది ఫలానా మనిషే అని చూడడం వరకే. లోపల ఏం రాసి ఉందో ఆయన చదవనవసరం లేదు. ఈ తేడా తెలియక అమెరికాకు వలస వెళ్లిన స్పానిష్ మాట్లాడే కుటుంబాలు 'నోతారియో' బోర్డులు పెట్టుకున్నవాళ్లను లాయర్లనుకుని మోసపోయాయి. అక్కడి బార్ అసోసియేషన్ ఈ విషయమై హెచ్చరికలు కూడా ఇచ్చింది.

మన వాళ్ల పరిస్థితి చూడండి. డాలస్‌లో బ్యాంకు కౌంటరు దగ్గర నోటరీ ముద్ర వేస్తాడు, చదవడు. కాన్సులేట్‌లో గుర్తింపు చూస్తారు. గద్వాలలో కాగితం దాఖలయ్యేటప్పుడు ముద్రలు, స్టాంపులు సరిగా ఉన్నాయా అని ముందు చూస్తారు. మూలాన్నీ ఇంగ్లీషునూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదివిన మనిషి మొత్తం దారిలో మీరొక్కరే. అందుకే స్పానిష్ నోటరీ చేసే పని మీరు చేయాలి. ఇంగ్లీషు పూర్తయ్యాక అధికారం ఇచ్చేవారికి ఫోను చేసి, దాన్ని తెలుగులో నోటితో చెప్పండి. చెప్పి అడగండి: 'అక్కా, ఈ కాగితంతో మీ తమ్ముడు పొలం అమ్మొచ్చు. డబ్బు తన ఖాతాలో వేసుకోవచ్చు. మీరు ఇలాగే అనుకున్నారా?' అవతలి నుంచి ఒక్క క్షణం మాట రాకపోతే కాగితం పంపకండి.

వేలిముద్ర వేసే తల్లులకు ఇది మరీ అవసరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు, దేశమంతటా 2005 నుంచి ఆడపిల్లలందరికీ హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఉంది. ఆ వాటాను పత్రం ద్వారా అన్నదమ్ములకు అప్పగించడం చాలా ఇళ్లలో జరుగుతోంది. అప్పగించేది ఇష్టంతోనైతే ఎవరికీ అభ్యంతరం లేదు. ఏం అప్పగిస్తున్నారో వాళ్లకు తెలిసి ఉండాలి.

మీ దగ్గరికి ఏజెంటుగా ఉండబోయే మనిషే ఎక్కువసార్లు వస్తాడు, ఫీజు కూడా ఆయనే ఇస్తాడు. 'సార్, జర గట్టిగ రాయుండ్రి' అంటాడు. గట్టిగా రాయడం అంటే అధికారం పెంచడమే. కొత్త అధికారం కావాలంటే అది ఇచ్చేవారు కొత్తగా రాయించుకోవాలి, అనువాదంలో చేర్చడానికి వీల్లేదని మర్యాదగా చెప్పండి. ఒకరిద్దరు వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు నమ్మకంతో వస్తారు.

ఇక దారి ఖర్చులాంటి సంగతులు కొన్ని. విదేశంలో ఉన్నవారు ఇచ్చే పత్రం రిజిస్ట్రేషన్‌లో చెల్లాలంటే 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం నోటరీ, కోర్టు, న్యాయమూర్తి, భారత కాన్సులర్ అధికారి వంటి వారి ముందు రాసి ధ్రువీకరణ పొందాలి. భారత్ అపోస్టిల్ ఒప్పందంలో 2005 జులై 14 నుంచి ఉంది, మెక్సికో, అమెరికా కూడా అందులో ఉన్నాయి. విదేశంలో రాసిన పత్రం ఇండియాకు చేరిన మూడు నెలల్లో 1899 స్టాంపు చట్టం 18వ సెక్షన్ కింద స్టాంపు వేయించాలి. కవరు చేరిన తేదీ తెలిసేలా కొరియరు రసీదు దాచుకోమని చెప్పండి. రిజిస్టరు చేసే అధికారికి తెలియని, జిల్లాలో వాడుకలో లేని భాషలో పత్రం ఉంటే రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం జిల్లా వాడుక భాషలో నిజమైన అనువాదం జతచేయాలి. నోటరీల చట్టం, 1952 అనువాదం చేసే, సరిచూసే అధికారం నోటరీకి ఇచ్చింది, కాబట్టి మీ అనువాదాన్ని నోటరీ చేత సరిచూపించుకోవచ్చు. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ 2020 అక్టోబరు నుంచి తహసీల్దారు దగ్గర జరుగుతోంది.

ఇచ్చినవారు చనిపోతే అధికారపత్రం మామూలుగా అక్కడితో ముగుస్తుంది. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు జీపీఏతో యాజమాన్య హక్కు బదిలీ కాదని తేల్చింది. జీపీఏ చేతికిస్తే పొలం కొన్నట్టేనని ఎవరైనా అంటే ఈ రెండూ చెప్పండి.

అనువాదం చివర ధ్రువీకరణ రాసేటప్పుడు రెండు భాషలూ మీకు తెలుసని, మూలంలో ఉన్నదంతా వదలకుండా తెచ్చారని, చదవలేకపోయినచోట 'చదవడానికి వీలుకాలేదు' అని రాశారని చెప్పి, పేరు, తేదీ, సంతకం పెట్టండి. నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు చాలావరకు శికస్తా రాతలో ఉంటాయి. అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుని, చుక్కలు రాలిపోయి ఉంటాయి. అచ్చు ఉర్దూ బాగా చదివేవాళ్లకు కూడా అది అర్థం కాదు. ఊహించి రాయడం కంటే ఖాళీ వదిలి, వదిలానని చెప్పడం గౌరవం.

1948కి ముందు ఉర్దూ మీడియంలో చదువుకుని, ఆ రాత చదవగలిగిన పెద్దలకు ఇప్పుడు ఎనభై ఐదేళ్లు దాటాయి. గద్వాలలోనో, ధరూర్‌లోనో, రాయచూరులోనో అలాంటివారు ఒకరు దొరికితే ఈ ఏడాదే వాళ్ల దగ్గర కూర్చోండి. మీ ఇంట్లో ఉన్న పాత కాగితం ఒకటి తీసుకెళ్లి, చదివించుకుని, రాసుకుని, నేర్చుకోండి.